డ్యూటీ రోజుల్లో వేసుకోని గోలి

ఆ రోజు చూపించుకోవాల్సింది అమ్మ. నేను తోడు వెళ్లానంతే. మా అమ్మగారి ఊరు నల్లగొండ పక్కన పానగల్. నేను సెలవు పెట్టి వెళ్లినప్పుడల్లా అమ్మకు ఏదో ఒక నొప్పి ఉంటుంది. ఆసారి మోకాళ్లు. ఊరి దవాఖానలో నర్సమ్మ అమ్మ చేతికి పట్టీ చుట్టి, "నీకేం లేదు పెద్దమ్మా, బీపీ మంచిగుంది" అన్నది. పక్కన ఖాళీగా కూర్చున్న నన్ను చూసి, "నువ్వు గూడ చెయ్యి పెట్టు అక్కా, ముప్పై దాటినోళ్లందరికి చూస్తున్నం" అని నాకూ చుట్టింది. చూసింది. పట్టీ విప్పి రెండో చేతికి చుట్టింది. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

"పైది నూట డెబ్బై ఉంది. కిందిది నూట నాలుగు. తలకాయ నొప్పి గిట్ల వస్తదా?"

"రాదు" అన్నాను. వస్తుంది. నెలకు నాలుగైదుసార్లు మెడ వెనక నుంచి మొదలై నెత్తికి ఎక్కుతుంది. పదిహేనేళ్లుగా బస్సు కండక్టరు పని చేస్తున్నదానికి తలనొప్పి రాకపోతే ఆశ్చర్యం కానీ, వస్తే ఏముంది అనుకునేదాన్ని.

మా అమ్మ డెబ్బై ఏళ్ల మనిషి. మూడు పూటలా మామిడికాయ తొక్కు లేనిదే ముద్ద దిగదు. ఆమెకు బీపీ లేదట, నలభై ఆరేళ్ల నాకు ఉందట. బయటికి రాగానే అమ్మ నా ముఖం చూసి, "నాకు లేంది నీకెట్ల వచ్చింది బిడ్డా?" అన్నది. నేను దాన్ని ఎవరింట్లో నుంచో ఎత్తుకొచ్చినట్టు అడిగింది. "మిషన్ ఖరాబున్నది" అన్నాను.

నిజంగానే అలా నమ్మాను. తిరిగొచ్చే దారిలో జడ్చర్లలో దిగి ఒక మందుల దుకాణంలో చూపించుకున్నాను. అక్కడ నూట యాభై ఎనిమిది. మర్నాడు మహబూబ్‌నగర్‌లో ఇంకో దుకాణంలో చూపించుకుంటే నూట డెబ్బై ఆరు. మూడు చోట్లా మూడు లెక్కలు చెప్పే మిషన్లను ఎవరు నమ్ముతారు? ఒకే మనిషికి ఒకే స్టేజీ నుంచి మూడు రకాల టికెట్లు కొడితే నన్ను ఊరుకుంటారా? మూడూ ఎక్కువే అన్న సంగతి మాత్రం నేను పట్టించుకోలేదు.

పట్టించుకున్నది మా ఆయన. జడ్చర్లకు దగ్గరలోనే మా ఊరు. ఆయనకు అరవై దాకా గొర్రెలు, కొన్ని మేకలు ఉన్నాయి. మాట తక్కువ మనిషి. నేను చెప్పిందంతా విని, "మూడు మిషన్లు గూడ ఖరాబుండవు. డాక్టరు దగ్గరికి పో" అన్నాడు.

వెళ్లాను, కానీ దొంగలా వెళ్లాను. డిపో వాళ్లకు తెలిసిన దవాఖానకు పోతే కాగితం డిపోకు చేరుతుందని భయం. బీపీ ఉన్న కండక్టరును ఎప్పుడో ఎక్కడో బస్సు దించి పక్కన కూర్చోబెట్టారని విన్నాను. ఎవరా మనిషి, ఏ డిపో అని అడిగితే చెప్పినవాళ్లకే తెలియదు. అయినా నాకది చాలింది. మహబూబ్‌నగర్‌లో ఎవరూ తెలిసినవాళ్లు రాని సందులో ఒక డాక్టరును వెతికి పట్టుకున్నాను. వారపు సెలవు రోజు, మామూలు చీర కట్టుకుని.

ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఉప్పు ఎంత తింటావన్నాడు, నిద్ర పడుతుందా అన్నాడు, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నాడు. ఆ తర్వాత, "ఏం పని చేస్తవమ్మా?" అన్నాడు.

"ఇంట్లనే ఉంట సార్" అన్నాను. "మా ఆయనకు గొర్లున్నయి."

ఎందుకలా అన్నానో అప్పుడు నాకు బాగానే తెలుసు. జాగ్రత్త పడ్డాననుకున్నాను. ఆ ఒక్క మాట ఎంత తిప్పలు తెస్తుందో తెలియలేదు.

మొదటి గోలి చిన్నది, తెల్లగా ఉండేది. పది రోజులు ఏమీ కాలేదు. పదకొండో రోజో పన్నెండో రోజో, డ్యూటీ దిగి చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చు లోతుగా పడి ఉంది. రోజంతా నిలబడే పని కాబట్టి అనుకున్నాను. రెండు రోజులకు చీలమండలు కనిపించకుండా పోయాయి. మా ఆయన మంచం మీద నా కాలు పెట్టించుకుని బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"నీరు దిగింది. గొర్రెకు గిట్లనే దవడ కింద దిగుతది" అన్నాడు.

"గొర్రెకేం చేస్తవు?"

"కడుపుల పురుగులకని నట్టల మందు పోస్త. నీకు పోయరాదు గదా. మల్ల పోయి అడుగు."

మళ్లీ వెళ్లాను. డాక్టరు కూడా అచ్చం మా ఆయనలాగే బొటనవేలితో నొక్కి చూశాడు. "కొందరికి ఈ మందుతోని గిట్లయితది. ఫికర్ చెయ్యకు, మారుస్త" అన్నాడు. ఆ మాటతో నాకు ధైర్యం రావాల్సింది పోయి కోపం వచ్చింది. కొందరికి ఇలా అవుతుందని తెలిసినప్పుడు ముందే ఎందుకు చెప్పలేదు? చెబితే వేసుకోనని అనుకున్నాడా? ఆయన రాసిచ్చిన కొత్త చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్తే, దుకాణం అతనిచ్చిన స్ట్రిప్పు మీద పేరు వేరు, చీటీలో పేరు వేరు. "కంపెనీ వేరక్కా, లోపల మందు అదే" అన్నాడు. లోపల ఏముందో అతను చూశాడా? నేను ఆ రెండు పేర్లనూ అక్షరం అక్షరం పోల్చుకుంటూ దుకాణం ముందు చాలాసేపు నిలబడ్డాను. వెనకున్నవాళ్లు విసుక్కుంటే పక్కకు జరిగాను.

కొత్త గోలి లేత గులాబీ రంగు. పొద్దున్నే వేసుకోవాలన్నాడు డాక్టరు. ఆ వారం నాది మొదటి షిఫ్టు, జడ్చర్ల నుంచి కొత్తకోట పోయి వచ్చే పల్లెవెలుగు బస్సు. తెల్లవారుజామున గోలి మింగి బయలుదేరాను.

ఆడ కండక్టర్ల సంగతి ఒకటి చెప్పాలి. మేము నీళ్లు తాగం. దప్పికైతే మూత తీసి నోరు తడుపుకుంటాం. ఏ స్టేజీ దగ్గర ఆడవాళ్లు పోయే జాగా ఉంది, ఏది శుభ్రంగా ఉంటుంది అన్నది ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్చుకుంటాం. దాని ప్రకారమే ఒళ్లును అలవాటు చేసుకుంటాం. పదిహేనేళ్లుగా నా ఒళ్లు నా మాట వినేది. జడ్చర్లలో ఒకసారి, కొత్తకోటలో ఒకసారి. అంతకుమించి అడిగేది కాదు.

ఆ రోజు భూత్పూర్ దాటకముందే అడిగింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి మా బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టాలి. కొడుతూనే ఉన్నాను. వెనక సీట్ల దాకా వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చేసరికి ఇంక నావల్ల కాదని తెలిసింది. నిలబడితే ఒకలా, కదిలితే ఇంకోలా. ఒకావిడ ఏదో అడుగుతోంది. ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది కానీ మాట వినిపించడం లేదు. అడ్డాకుల ఇంకా ఎంత దూరం, ఎన్ని స్టేజీలు, ఒక్కో స్టేజీలో ఎంతసేపు, ఇదే నా లెక్క. అడ్డాకులలో దిగి, హోటలు వెనక్కి పరుగులాంటి నడకతో వెళ్లాను. తిరిగొచ్చేసరికి బస్సంతా నన్నే చూస్తున్నట్టనిపించింది.

మర్నాడు గోలి వేసుకుని ఒక్క చుక్క నీళ్లు తాగలేదు. అయినా అదే జరిగింది. నీళ్లు తాగకపోయినా ఎక్కణ్నుంచి తెస్తోందో అర్థం కాలేదు. గంట గడిచే సరికి మొదలయ్యేది, రెండు మూడు గంటలు వదిలేది కాదు. మూడో రోజు భూత్పూర్ దాటగానే డ్రైవరు ఒక పెట్రోలు బంకు ముందు బస్సు పక్కకు తీసి ఆపాడు.

"టైర్ల గాలి ఎట్లుందో చూస్త. రెండు నిమిషాలు" అని కేకేసి దిగాడు.

ఆ బంకులో ఆడవాళ్లకు వేరుగా గది ఉంది. నేను దేవుడికి దండం పెట్టుకుని దిగి వెళ్లాను. మర్నాడు మళ్లీ అక్కడే ఆగాడు, మళ్లీ టైర్లన్నాడు. అప్పుడు నాకు అనుమానం పట్టుకుంది. ఆ డ్రైవరు నాకంటే పెద్దవాడు. నన్ను చెల్లె అంటాడు. నాలుగేళ్లుగా కలిసి డ్యూటీ చేస్తున్నాం. ఏ రోజూ లేనిది ఇప్పుడు రోజూ టైర్లలో గాలి పోతోందా? వెటకారం చేస్తున్నాడనుకున్నాను. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎందుకని అడుగుతారు, నా పేరు చెబుతాడు, అక్కణ్నుంచి గోలీ సంగతి బయటికి వస్తుంది, ఇలా అల్లుకుంటూ పోయాను. ఆ మధ్యాహ్నమే జడ్చర్ల బస్టాండులో అతను కంట్రోలరుతో ఏదో మాట్లాడుతూ నా వైపు చూడటం నా కంటబడింది. నేను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

ఆ రోజు నుంచి డ్యూటీ ఉన్న రోజు గోలి వేసుకోవడం మానేశాను.

మానేసినట్టు మా ఆయనకు తెలియకూడదు. ఆయన చదువుకోలేదు కానీ స్ట్రిప్పులో ఎన్ని పోయాయో ఒక్క చూపులో చెబుతాడు. అరవై గొర్రెల్లో ఒకటి తగ్గితే లెక్కపెట్టకుండానే చెప్పే మనిషి. అందుకని రోజూ ఆయన ముందే స్ట్రిప్పులోంచి గోలి తీసి, నోట్లో వేసుకున్నట్టు చెయ్యి పెట్టి, చీర మీద వేసుకునే డ్యూటీ కోటు జేబులోకి జార్చేదాన్ని. బస్టాండులో చెత్తబుట్టలో పారేసేదాన్ని. వారపు సెలవు రోజు మాత్రం నిజంగా వేసుకుని, రోజంతా ఇంటికీ పెరటికీ తిరిగేదాన్ని. అలా దాదాపు నెల.

ఆ నెలలో ఇంట్లో ఏదో మారిందని కనిపెట్టాను. మా ఆయన అంతకుముందు గోలీ గురించి అడిగేవాడు కాదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాడు. సాయంత్రం నేను ఇంటికి రాగానే, గొర్రెల మందలో నుంచే, "గోలి ఏసుకున్నవా?" అనేవాడు.

"ఏసుకున్న."

"మంచిది."

ఆ "మంచిది" అన్నదాంట్లో ఏదో తేడా ఉండేది. నేను తలెత్తి చూసే సరికి ఆయన ఏ పిల్లకో పాలు పట్టిస్తూ ఉండేవాడు. ఈయనకు ఎవరు చెప్పారు? డ్రైవరా? వీళ్లిద్దరికీ ఫోన్లు నడుస్తున్నాయా? ఒకరోజు ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోను తీసి చూశాను కూడా. గొర్రెల బేరగాళ్ల నంబర్లు తప్ప ఏమీ లేవు.

ఇక ఆ నెలాఖరున, కొత్తకోటలో, మిట్టమధ్యాహ్నం. బస్సు ఖాళీ అయింది. తిరుగు ట్రిప్పుకు లెక్క సరిచూసుకుంటున్నాను. టికెట్ మిషన్ మీద అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించాయి. కళ్లు నలుపుకుని చూస్తే ఇంకా ఎక్కువయ్యాయి. మెడ వెనక ఎవరో రోకలితో పొడుస్తున్నట్టుంది. సీటు పట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు చాయ తాగుతూ వచ్చి, నన్ను చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"ఏమాయె చెల్లె?"

"ఏం లేదన్నా. ఎండ."

"ఎండ కాదు. బీపీ గోలి ఏసుకుంటున్నవా, బంద్ చేసినవా?"

భయం కంటే ముందు వచ్చింది, దొరికాడు అన్న కోపం. "నీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"ఎవరు చెప్తరు? మొన్నటిదాంక భూత్పూర్ రాంగనే నీ మొఖం మారుతుండె. నాకు గూడ బీపీకి గా నీళ్ల గోలి ఇచ్చిన్రు, మూడేండ్ల కింద. స్టీరింగ్ ముందల కూసొని ఎంత తిప్పలు పడ్డనో నాకే తెలుసు. అందుకే బంకు కాడ ఆపిన. తర్వాత నువ్వు దిగుడు బంద్ పెట్టినవు. గోలి బంద్ పెట్టిందేమో అనుకున్న."

"అయితే నాతోని ఎందుకు అనలే?"

"ఆడమనిషిని ఎట్లడగాలె చెల్లె?"

నేను తల వంచుకున్నాను. కంట్రోలరుతో ఆ రోజు ఏం మాట్లాడావని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. అతను మంచివాడే. కానీ ఆ చూపు నేను చూసింది నిజం, మాట ఆపేసింది నిజం. కొన్ని అడగకుండా ఉంటేనే కలిసి డ్యూటీ చేయగలం.

అక్కడి దవాఖానలో చూపిస్తే పైది రెండు వందలకు దగ్గరగా ఉంది. ఒక గోలి ఇచ్చి, కాసేపు పడుకోబెట్టి, మీ డాక్టరును వెంటనే కలవమన్నారు. డిపోకు డ్రైవరే ఫోను చేశాడు. ఇంకో కండక్టరు వచ్చి బస్సు తీసుకుపోయాడు. నేను భయపడ్డ పని నా కళ్ల ముందే అయిపోయింది, అడ్డుపడే ఓపిక కూడా లేదు.

మా ఆయన గొర్రెల మందను తన అన్నకు అప్పజెప్పి వచ్చాడు. అక్కణ్నుంచి నేరుగా మహబూబ్‌నగర్ వెళ్లాం. డాక్టరు నా చీటీలు తిరగేస్తూ, "మందు రోజు ఏసుకుంటున్నవా అమ్మా?" అన్నాడు.

"ఏసుకుంటున్న సార్."

నా పక్కన కూర్చున్న మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "లేదు సార్. డ్యూటీకి పోయిన దినం ఏసుకోదు. కోటు ఉతికేముందు జేబులు దులుపుతుంటే రెండుసార్లు గోలి దొరికింది. ఒకసారి తడిసి పిండైంది."

నేను ఆయన వైపు తిరిగాను. నెల రోజులు తెలిసే అడిగాడన్నమాట. తెలిసే "మంచిది" అన్నాడన్నమాట.

"డ్యూటీ ఏంది?" అన్నాడు డాక్టరు. "ఇంట్లనే ఉంట అన్నవు గదా."

"కండక్టరు సార్, బస్సుల" అన్నాడు మా ఆయన.

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. "పొద్దుగాల గోలి ఏసుకొని, బస్సెక్కి, మధ్యల దిగే జాగా లేక బంద్ పెట్టినవు. గంతేనా?" అన్నాడు. గంతే అన్నట్టు తలూపాను. "ముందే చెప్తే ఈ మందు రాయకపోదును. గొర్ల కాడ ఉండే ఆమె అనుకున్న. చెట్టూ చేనూ ఉంటయి, ఇబ్బంది ఏముంటదనుకున్న."

"డిపోల తెలుస్తదని భయపడ్డ సార్."

"నేనెవరికి చెప్తనమ్మా?"

ఒకరోజు వేసి ఒకరోజు మానడం అసలు వేసుకోకపోవడం కంటే తక్కువ ప్రమాదమేం కాదన్నాడు. మందు పడకపోతే మానేయకుండా వచ్చి చెప్పమన్నాడు. నీళ్లు తాగమని కూడా గట్టిగా చెప్పాడు. నా షిఫ్టులు ఎప్పుడెప్పుడని అడిగి రాసుకుని, ఇంకో రకం గోలి రాశాడు. ఈసారి నేనే అడిగాను, దీంతో ఏమవుతుందని.

"కొందరికి పొడి దగ్గు వస్తది. అందరికి రాదు. వస్తే చెప్పు, మారుద్దం."

మా ఊరి స్టేజీలో దిగాక ఆగలేక అడిగాను. "తెలిసి గూడ రోజు ఎందుకడిగినవు?"

"నువ్వే చెప్తవేమో అని" అన్నాడు. "నట్టల మందు పోస్తే గొర్రె గూడ కక్కేస్తది. కక్కిందో లేదో నిలబడి చూసుకోవాలె. నీ ఎనక బస్సుల నిలబడి చూడలేను గదా."

నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వడానికి అనలేదు.

డిపోలో భయపడ్డంత జరగలేదు. దవాఖాన కాగితం తెమ్మన్నారు, తెచ్చిచ్చాను, ఫైలులో పెట్టుకున్నారు. వారం విశ్రాంతి ఇచ్చారు. తిరిగి వెళ్లిన రోజు నా బస్సు నాకే ఇచ్చారు. అంత తేలిగ్గా ఇచ్చేశారేమిటని ఇంకో రెండు వారాలు చూశాను, వెనక ఏదైనా కాగితం వస్తుందేమోనని. రాలేదు. తోటి కండక్టర్లలో ఇద్దరు ఆడవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తాము కూడా వేసుకుంటున్నామని చెప్పారు. ఒకామె కూడా నాలాగే సెలవు రోజున మాత్రమే వేసుకుంటోందట. ఆమెకు డాక్టరు చిరునామా చెప్పాను. పోయిందో లేదో తెలియదు.

మూడో గోలితో నేను దగ్గు కోసం ఎదురుచూశాను. ఆ రోడ్డు మీద పత్తి లారీలు, ఇసుక లారీలు పోతుంటాయి. దుమ్ము లేస్తే ఎవరికైనా గొంతు గరగరమంటుంది. నాకు గరగరమన్నప్పుడల్లా ఇదేనా అనుకునేదాన్ని. ఇరవై రోజులకు నిజంగానే దగ్గు వచ్చింది. సెలవు పెట్టి మరీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నోరు తెరిపించి లైటు వేసి చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "జలుబమ్మా" అన్నాడు. నమ్మలేదు. ఐదు రోజులకు తగ్గిపోయాక నమ్మాను.

ఆ తర్వాత ఏమీ కాలేదు. కాళ్లు వాయలేదు, భూత్పూర్ దగ్గర కడుపు బిగపట్టుకోలేదు. తలనొప్పి అప్పుడప్పుడు వస్తోంది కానీ మెడ వెనక రోకటిపోటు లేదు. నూట ముప్పై, నూట ముప్పై రెండు, అలా ఉంటోంది. కొత్త స్ట్రిప్పు కొన్నప్పుడల్లా పేరు చదువుతాను, పాతదాని పక్కన పెట్టి చూస్తాను. దుకాణం అతను నన్ను చూడగానే ముందే రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. ఈ మందు మంచిదని నేను ఎవరితోనూ అనలేదు. ఇప్పటిదాకా ఏమీ చేయలేదు, అంతే అంటాను.

మొన్న రెండో షిఫ్టుకు బయలుదేరుతూ, గోలి వేసుకున్నానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మా ఆయన వాకిట్లో కూర్చుని మేకపిల్ల గిట్టలో దిగిన ముల్లు తీస్తున్నాడు.

"పొద్దుగాల గోలి ఏసుకున్ననా?" అని అడిగాను.

"ఏసుకున్నవు. అన్నం తిన్నంక" అన్నాడు, తలెత్తకుండానే.

సరే అని సంచి భుజాన వేసుకున్నాను. గడప దాకా వచ్చి మళ్లీ లోపలికి వెళ్లి స్ట్రిప్పు చూశాను. నిజమే చెప్పాడు. నీళ్ల సీసా నిండా నింపుకుని బస్సుకు బయలుదేరాను.